గింజ చెప్పిన సాక్ష్యం: కృష్ణా డెల్టా గంజాయి చరిత్రలో ఒక వైద్యపాఠం



గంజాయిని సమర్థించే యువకుల నోట తరచుగా వినబడే మాట ఒకటి ఉంది. "ఇది రసాయనం కాదు, మొక్క. ప్రకృతి ఇచ్చినది. తాతముత్తాతల కాలం నుండి ఉన్నదే." ఈ మాటలో సగం సత్యం ఉన్నది. అది మొక్క అన్నది నిజమే. కాని ఆ మొక్క తనంతట తాను ఇచ్చేది ఒకటి, మానవుడు దాని నుండి రాబట్టినది మరొకటి. ఆ రెంటికీ నడుమ నిలిచిన సాక్షి ఒక చిన్న గింజ.

మగ మొక్కలన్నీ తీసివేసిన తరువాత కూడ ఆడ మొక్కల పూగుత్తులలో గింజలు ఎట్లా పుట్టాయి? ఈ ప్రశ్న రెండు వందల సంవత్సరాలకు పైగా శాస్త్రజ్ఞులను, రైతులను, ప్రభుత్వాలను తికమక పెట్టింది. దానికి సమాధానం వెదికే క్రమంలో వృక్షశాస్త్రం పెద్ద మలుపు తిరిగింది. వైద్యశాస్త్రానికి కూడ అందులో ఒక పాఠం ఉన్నది. ఆ పాఠాన్ని మన డెల్టా నుండే మొదలుపెట్టి మీ ముందుంచుతాను.

పోతుతాడి, పెంటితాడి

బాపట్ల, చీరాల తీరం వెంబడి పెరిగినవారికి తాడిచెట్టు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పోతుతాడి కాయదు, పెంటితాడి కాస్తుంది. బొప్పాయి పెంచేవారికీ ఇది తెలిసినదే. మగ పువ్వులు ఒక చెట్టుకు, ఆడ పువ్వులు మరొక చెట్టుకు పూయడం ఈ జాతుల స్వభావం. గంజాయి మొక్క కూడ ఇటువంటిదే. మగ మొక్క పుప్పొడిని గాలిలోకి వదులుతుంది. ఆ పుప్పొడి ఆడ పువ్వు కీలాగ్రాన్ని చేరితే గింజ కడుతుంది.

మత్తు కలిగించే పదార్థం ప్రధానంగా ఆడ పూగుత్తుల మీద ఉండే సూక్ష్మమైన గ్రంథి రోమాలలో, జిగురు రూపంలో తయారవుతుంది. పుప్పొడి అందిన పువ్వు తన శక్తిని గింజ వైపు మళ్ళిస్తుంది. పుప్పొడి అందని పువ్వు కొత్త పూలను, వాటితోపాటు జిగురును పెంచుకుంటూ పోతుంది. అందువలన మత్తు కోసం సాగు చేసేవారికి గింజ శత్రువు. గింజ లేని గంజాయి ప్రకృతి ఇచ్చిన వరం కాదు. మగ తోడును దూరం చేసి మానవుడు ఆ మొక్క చేత చేయించిన పని అది.

ఇక్కడ ఒక పొరపాటును తొలగించాలి. మన డెల్టాలో వరి కోసిన తరువాత చల్లే జనుము, నారకోసం పెంచే గోగు గంజాయి జాతివి కావు. పాత ఆంగ్ల రికార్డులు నారనిచ్చే అనేక మొక్కలను "హెంప్" అనే ఒక్క పేరుతో పిలిచిన కారణంగా ఈ గందరగోళం ఏర్పడింది. గోగు శాస్త్రీయ నామమైన హైబిస్కస్ కన్నాబినస్ లోని రెండవ పదానికి "గంజాయిని పోలినది" అని మాత్రమే అర్థం.

సంతరావూరు, దగ్గుబాడు

1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తి అయిన తరువాత కృష్ణా డెల్టా వరికి ప్రసిద్ధి చెందింది. కాని ఆనాటి కృష్ణా జిల్లాలో వరితోపాటు మరొక పంట కూడ ప్రభుత్వ లెక్కలలోకి ఎక్కింది. గుంటూరు జిల్లా 1904లో వేరుపడక పూర్వం బాపట్ల తాలూకా కూడ మచిలీపట్నం ముఖ్యస్థానంగా ఉన్న కృష్ణా జిల్లాలో భాగమే. ఆ తాలూకాలోని సంతరావూరు, దగ్గుబాడు గ్రామాల పరిసరాలు మద్రాసు రాజధానిలో గంజాయి సాగుకు పేరుపొందిన ప్రాంతాలు. ఉత్తర ఆర్కాటు జిల్లా కొండ ప్రాంతం దానికి జోడీ. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం తరువాత మత్తు పదార్థాల సాగు, నిల్వ, అమ్మకం క్రమంగా లైసెన్సుల పరిధిలోకి వచ్చాయి. నేడు ఈ గ్రామాలు బాపట్ల జిల్లాలో ఉన్నాయి. ఆ సాగు చరిత్రలో కలిసిపోయింది.

1893 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో విలియం కేన్ అనే సభ్యుడు భారతదేశంలో గంజాయి వాడకం గురించి ప్రశ్న లేవనెత్తాడు. దాని ఫలితంగా అదే సంవత్సరం మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన భారత హెంప్ డ్రగ్స్ కమిషన్ ఏర్పడింది. 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో అనేక సంపుటాల నివేదిక సమర్పించింది. గ్రామ స్థాయి సాగు పద్ధతి మొదలు పిచ్చాసుపత్రుల రిజిస్టర్ల వరకు అది పరిశీలించని విషయం లేదు. ఒక మత్తు పదార్థం గురించి అంత విస్తృతమైన విచారణ అప్పటికి ప్రపంచంలో మరొకటి జరగలేదనే చెప్పవచ్చు.

మితంగా వాడినప్పుడు గంజాయి వలన చెప్పుకోదగిన హాని లేదని, అతిగా వాడితే శరీరానికీ మనస్సుకూ హాని కలుగుతుందని కమిషన్ అభిప్రాయపడింది. ఈ తీర్పులోని మొదటి సగాన్ని ఈనాటికీ గంజాయి సమర్థకులు ఉదాహరిస్తారు. రెండవ సగాన్ని విడిచిపెడతారు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. కమిషన్ తీర్పు చెప్పింది ఏ గంజాయి గురించి?

"గంజాయి డాక్టరు"

బెంగాలులోని రాజషాహీ జిల్లా నౌగావ్ ప్రాంతంలో గంజాయి సాగు ఒక ప్రత్యేక వృత్తిగా స్థిరపడింది. అక్కడ "పొద్దార్" లేక "పరఖ్‌దార్" అని పిలువబడే నిపుణుడు ఉండేవాడు. ఆంగ్ల అధికారులు ఆయనకు "గంజాయి డాక్టరు" అని పేరు పెట్టారు. మా వృత్తికి ఆ పేరు గౌరవం తెచ్చిందో లేదో మీరే నిర్ణయించండి! పూత మొదలయ్యే ముందు ఆయన పొలంలో వరుస వెంబడి నడిచి, మగ మొక్కలను గుర్తించి పెరికించేవాడు. ఆయన కన్ను ఎంత చురుకైనదైతే పంటకు అంత ధర.

అప్పటి కలకత్తా వృక్షశాస్త్రవేత్త డేవిడ్ ప్రెయిన్ ఈ సాగును స్వయంగా పరిశీలించి 1893లో ఒక నివేదిక వ్రాశాడు. మగ మొక్కలను ఎంత శ్రద్ధగా తొలగించినా, బజారుకు వచ్చే గంజాయిలో ఎంతో కొంత గింజ ఉండేది. ఒక పొలంలో తక్కువ, మరొక పొలంలో ఎక్కువ. ఒకే పొలంలో కూడ మొక్కకూ మొక్కకూ తేడా. అంటే 1893లో ఒక చిలుములో పడిన గంజాయికి, దాని పక్క చిలుములో పడిన గంజాయికి బలం ఒకటి కాదు. కమిషన్ ముందు నిలిచిన సాక్షులలో ఒకరు "హాని లేదు" అని, మరొకరు "మతి పోయింది" అని చెప్పడానికి అనేక కారణాలు ఉండవచ్చు. ఇద్దరూ పీల్చినది ఒకే బలం గల వస్తువు కాకపోవడం వాటిలో ఒకటి.

పొరపాటున మిగిలిన ఒక్క మగ మొక్క చాలు, పొలమంతా గింజ కట్టడానికి. గాలి కూడ పుప్పొడిని ఎంతో దూరం మోస్తుంది. మొరాకోలోని గంజాయి పొలాల పుప్పొడి సముద్రం దాటి దక్షిణ స్పెయిన్‌లోని మలగా నగరం గాలిలో కనిపించిందని ఆధునిక పరిశోధకులు నమోదు చేశారు. అయితే గాలి చొరబడని గదిలో, మగ మొక్క ఒక్కటీ లేనిచోట కూడ గింజ పుట్టిన సందర్భాలు ఉన్నాయి. దానికి కారణం తెలుసుకోవాలంటే మనం ఒకసారి ఐరోపాకు వెళ్ళాలి.

కిటికీ పక్కన రెండు కుండీలు

మొక్కలకు కూడ స్త్రీ పురుష భేదం ఉన్నదని ప్రయోగపూర్వకంగా నిరూపించిన తొలి శాస్త్రజ్ఞుడు జర్మనీలోని ట్యూబింగెన్‌కు చెందిన రుడాల్ఫ్ కమెరారియస్. ఆయన స్వయంగా వైద్యుడు. 1694లో ప్రకటించిన లేఖలో, ఆముదం, మొక్కజొన్న మొదలైన మొక్కలలో పుప్పొడి లేనిదే గింజ రాదని ఆయన చూపించాడు. కాని గంజాయి జాతి మొక్క ఆయనను చిక్కులో పడవేసింది. మగ మొక్కల నుండి వేరుచేసిన ఆడ మొక్కలలో కూడ కొన్ని మంచి గింజలు కట్టాయి. ఆ వైఫల్యాన్ని ఆయన దాచలేదు. తన సిద్ధాంతానికి అనుకూలించని ఫలితాన్ని కూడ పాఠకుల ముందు పెట్టడం శాస్త్రజ్ఞుని నిజాయితీకి గుర్తు.

స్వీడన్‌లోని ఉప్సాలాకు చెందిన కార్ల్ లినేయస్ కూడ వైద్యుడే. సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన పరిషత్తు 1760లో బహుమతి ఇచ్చిన తన వ్యాసంలో ఆయన ఒక ప్రయోగాన్ని వర్ణించాడు. రెండు కుండీలలో ఈ విత్తనాలు చల్లి, ఒకదానికొకటి దూరంగా ఉన్న గదులలో కిటికీల వద్ద ఉంచాడు. ఒక్కొక్క కుండీలో ముప్పై నలభై మొక్కలు మొలిచాయి. ఒక కుండీలో మగ, ఆడ మొక్కలను కలిసి ఉండనిచ్చాడు. రెండవ కుండీలో మగ మొక్కలను గుర్తుపట్టగానే తీసివేశాడు. మొదటి కుండీలో గింజలు పండాయి. రెండవ కుండీలోని ఆడ పూలు తమ కీలాగ్రాలను పొడవుగా సాచి చాలాకాలం వేచి, చివరకు గింజ లేకుండానే వాడిపోయాయి. ఇంటిలోపల పెంచిన గంజాయి మొక్కపై జరిగిన ప్రసిద్ధ ప్రయోగాలలో ఇది ఒకటి.

సమస్య తీరినట్లే కనిపించింది. కాని కొద్ది దశాబ్దాల తరువాత ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పల్లాంజాని ఆడ మొక్కలను వేరుచేసి పెంచితే మళ్ళీ గింజలు కట్టాయి. పుప్పొడి లేకుండానే గింజ పుడుతుందని ఆయన వాదించాడు. లినేయస్‌కు ఒక ఫలితం, కమెరారియస్‌కూ స్పల్లాంజానికీ మరొక ఫలితం. ముగ్గురూ సమర్థులే. మరి తేడా ఎక్కడ?

తేడా మొక్కలోనే ఉన్నది. ఆడ మొక్క అని మనం పేరు పెట్టినది ఒక్కొక్కసారి తన గుత్తుల నడుమ కొద్దిపాటి మగ పువ్వులను కూడ పూయిస్తుంది. అవి ఎంత చిన్నవంటే, మామూలు చూపుకు ఆనవు. వాటి పుప్పొడితోనే పక్క పువ్వులు గింజ కడతాయి. ఈ మొక్క లింగాన్ని గుర్తుపట్టడంలో తడబడినది శాస్త్రజ్ఞులే కాదు. ఇంగ్లండు రైతులు గింజ కాయని మగ మొక్కను "ఫింబుల్" అని, అంటే ఆడది అని, గింజ కాసే ఆడ మొక్కను "కార్ల్" అని, అంటే మగది అని, శతాబ్దాలపాటు తలక్రిందులుగా పిలిచారు.

గాజుగదిలో దొరికిన సమాధానం

1920ల ప్రారంభంలో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జాన్ షాఫ్నర్ ఈ మొక్కలను గాజుగదిలో, శీతకాలపు పొట్టి పగళ్ళలో పెంచాడు. ఆరుబయట వేసవిలో స్పష్టమైన ఆడ మొక్కలుగా పెరిగే రకాలు, గదిలో పెద్ద సంఖ్యలో మగ లక్షణాలను, మగ మొక్కలు ఆడ లక్షణాలను ప్రదర్శించాయి. వెలుతురు నిడివి మారితే పువ్వు స్వభావమే మారుతున్నదని ఆయన 1921 నుండి వరుసగా ప్రకటించాడు. తరువాతి దశాబ్దాలలో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన హెచ్.వై. మోహన్‌రామ్, ఆయన సహచరులు ఈ మార్పులో మొక్కల హార్మోన్ల పాత్రను, ముఖ్యంగా ఎథిలీన్ పాత్రను విశదపరిచారు.

నేటి అవగాహన ఇది. ఈ జాతిలో ఆడ, మగ క్రోమోజోములు మానవులలో వలెనే ఎక్స్‌ఎక్స్, ఎక్స్‌వై గా ఉంటాయి. అయినా పుట్టుకతో వచ్చిన లింగమే చివరి మాట కాదు. వంశలక్షణం, పరిసరాల ఒత్తిడి కలిసి ఆడ మొక్కలో మగ పువ్వును మేల్కొల్పగలవు. తోడు లేని మొక్క తన వంశాన్ని నిలుపుకోవడానికి వెదుక్కున్న మార్గమని దీనిని కొందరు వ్యాఖ్యానిస్తారు. కారణం ఏదైనా, ఫలితం ఒక్కటే. మూసిన గదిలో, మగ మొక్క లేకుండా పెంచిన గుత్తిలో కనిపించిన గింజ, "నీవు ఈ మొక్కను పూర్తిగా అదుపులో పెట్టలేవు" అని పెంచేవానికి చెప్పే సాక్ష్యం.

వైద్యుని చేతికి లొంగని మందు

ఇప్పుడు మన ప్రధాన విషయానికి వద్దాము. ఒక పదార్థం ఔషధం కావాలంటే దానికి మోతాదు ఉండాలి. నేడు ఇచ్చిన చెంచాడు మందు, రేపు ఇచ్చే చెంచాడు మందు సమానంగా పనిచేయాలి.

కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ విలియం ఓషానెస్సీ 1839లో గంజాయి సారాన్ని ధనుర్వాతం, మూర్ఛల వంటి వ్యాధులలో వాడి, ఆ ఫలితాలను పాశ్చాత్య వైద్యులకు పరిచయం చేశాడు. అర్ధ శతాబ్దం పైగా ఆ సారం ఐరోపా, అమెరికా ఔషధశాలలలో ఉండేది. తరువాత క్రమంగా కనుమరుగైంది. 1932లో బ్రిటిష్ ఫార్మకోపియా నుండి, 1942లో అమెరికా ఫార్మకోపియా నుండి తొలగిపోయింది. చట్టపరమైన ఆంక్షలు, కొత్త మందుల రాక అందుకు కారణాలే. కాని వైద్యులను ముందు నుండి వేధించిన లోపం మరొకటి. ఒక సీసా పనిచేయలేదు. మరొక సీసాలోని అదే మోతాదు రోగిని కంగారు పెట్టింది. గింజ ఎక్కువైన సరుకు, తక్కువైన సరుకు, పాతబడిన సరుకు అన్నీ ఒకే పేరుతో వచ్చేవి. వాటిలో క్రియాశీల పదార్థమైన టీహెచ్‌సీ ఏమిటో 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు గావొని, మెషూలమ్ గుర్తించేవరకు దానిని కొలిచే సరియైన సాధనమే వైద్యుని వద్ద లేదు.

శిక్షణ పొందిన వైద్యుడు, ఫార్మసీ త్రాసు, సీసా మీద ముద్ర ఉండి కూడ అదుపు కాని పదార్థం, కాలేజీ కుర్రవాని చేతిలో కాగితం పొట్లంలో అదుపులో ఉంటుందా? ఆలోచించండి.

1894 తీర్పు నేటి పొట్లానికి చెల్లదు

1970ల తరువాత పాశ్చాత్య దేశాలలో గింజలేని గంజాయి పెంపకం పెద్దయెత్తున సాగింది. "సిన్సెమియా" అన్న దాని పేరుకే స్పానిష్ భాషలో "గింజ లేనిది" అని అర్థం. ఎంపిక చేసిన వంశాలు, కృత్రిమ వెలుతురు తోడయ్యాయి. అమెరికాలో పోలీసులు పట్టుకున్న సరుకులో టీహెచ్‌సీ సగటు 1995లో దాదాపు 4% ఉండగా, 2014 నాటికి దాదాపు 12%కు చేరింది. ఇరవై ఏళ్ళలో మూడు రెట్లు. పేరు మారలేదు, వాసన మారలేదు. వస్తువు మారిపోయింది.

ఫలితాలు మానసిక వైద్యులకు కనిపిస్తూనే ఉన్నాయి. స్వీడన్‌లో సైనిక సేవకు వచ్చిన 45,570 మంది యువకులను 15 సంవత్సరాలు గమనించిన అధ్యయనం 1987లో వెలువడింది. అప్పటికే 50 సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా ప్రమాదం, వాడనివారితో పోలిస్తే దాదాపు 6 రెట్లు కనిపించింది. 2019లో ఐరోపాలోను బ్రెజిల్‌లోను 11 కేంద్రాలలో జరిగిన మరొక అధ్యయనం ప్రకారం, 10% లేక అంతకు మించిన టీహెచ్‌సీ గల గంజాయిని ప్రతిదినం వాడేవారికి తీవ్ర మానసిక రుగ్మత కలిగే అవకాశం ఎన్నడూ వాడనివారికంటె దాదాపు 5 రెట్లు. ప్రతి వాడకందారుకూ పిచ్చి పడుతుందని దీని అర్థం కాదు. ఎవరికి పడుతుందో ముందుగా చెప్పలేము. కుటుంబంలో మానసిక వ్యాధి ఉన్నవారు, ఎదిగే వయసు పిల్లలు మరింత జాగ్రత్తగా ఉండాలి. గుండెదడ, తీవ్రమైన భయం, వాహనం నడపడంలో తడబాటు, దీర్ఘకాలం వాడినవారిలో ఆగని వాంతులు కూడ ఈ జాబితాలో ఉన్నాయి.

మన దేశంలో 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, 10 నుండి 75 ఏళ్ళ వయసువారిలో 2.8%, అంటే సుమారు 3.1 కోట్ల మంది, అంతకు ముందు సంవత్సర కాలంలో గంజాయి, భంగు వంటి పదార్థాలు వాడారు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుండి బయలుదేరే "శీలావతి" రకం సరుకు విజయవాడ మీదుగా రైళ్ళలో, జాతీయ రహదారిలో తరలుతూ పట్టుబడిన వార్తలు మీరు చదువుతూనే ఉన్నారు.

కొందరు "గింజలు ఉన్నది నాటు సరుకు, అది మంచిది" అంటారు. మరికొందరు "గింజ లేనిదే శుద్ధమైనది" అంటారు. రెండూ అపోహలే. గింజ ఉన్నంత మాత్రాన బలహీనమని భరోసా లేదు, లేనంత మాత్రాన శుభ్రమని భరోసా లేదు. బలం ఎంతో కంటితో చూసి చెప్పగలిగిన "డాక్టరు" ఎవరూ లేరు.

చట్టం, చికిత్స

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిని నిర్వచిస్తూ, పూత లేక కాయ పట్టిన కొసలను మాత్రమే లెక్కించింది. కొసలతో కలిసి లేని గింజలను, ఆకులను మినహాయించింది. శుభ్రపరచిన గింజలో మత్తు అత్యల్పం. అందుకే ఆహార భద్రతా సంస్థ 2021లో ఆ గింజను, దాని నూనెను పరిమితులకు లోబడి ఆహారంగా అనుమతించింది. కాని అనుమతి లేకుండా మొక్కను పెంచడం, అది పొలంలోనైనా, అపార్టుమెంటు గదిలోని కుండీలోనైనా, నేరమే. దానికి 10 సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

తల్లిదండ్రులకు ఒక ముఖ్య విషయం. అదే చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసులో ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు గల కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ లభిస్తుంది. కనుక భయపడి దాచకండి. జాతీయ వ్యసన విముక్తి సహాయవాణి 14446. మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ 14416. మీ బిడ్డ నిద్ర, చదువు, స్నేహాలు, మాటతీరు అకస్మాత్తుగా మారితే ముందుగా నిందించకండి, అడగండి. లేనిపోని అనుమానాలు, ఎవరో పిలుస్తున్నట్లు వినబడే మాటలు మొదలైతే మాత్రం ఒక్కరోజు కూడ ఆలస్యం చేయక మానసిక వైద్యుని వద్దకు తీసుకొనివెళ్ళండి.

మగ మొక్కలను పెరికిన గంజాయి డాక్టరు, కుండీల పక్కన నిలబడిన లినేయస్, తన వైఫల్యాన్ని దాచని కమెరారియస్ తమ ముందున్న మొక్క తమ లెక్కకు లొంగుతుందనే అనుకున్నారు. అది లొంగలేదు. మోతాదు లేని పదార్థాన్ని మన పిల్లల మెదడుతో కొలిచి చూడవలసిన అగత్యం మనకు లేదు.